స్కాన్ చేశారు సరే, వెతికితే దొరకాలి కదా!

సంపాదకులకు,

నమస్కారం.

మన నగరంలోని ఒక పాత గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాలు, పత్రికలు, ఫోటోలు, పటాలు అన్నిటినీ స్కాన్ చేయించి వెబ్‌సైట్‌లో పెట్టిందని, ఇక ఎవరైనా ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చని మీ జిల్లా సంచికలో వార్త వేశారు. సంతోషించాను. ఎన్ని పేజీలు స్కాన్ చేశారో పెద్ద అక్షరాల్లో వేశారు. అన్ని పేజీల్లో మనకు కావలసిన పేజీ ఎలా దొరుకుతుందన్నది మాత్రం ఒక్క ముక్కైనా లేదు. ఆ లేని ముక్క గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే నా ఉద్యోగం గురించి రాసుకున్నది కత్తిరించండి. ఫోటోల వెనకవైపు గురించి రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

నేను ఓడరేవు పక్కనున్న ఒక పరిశ్రమలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. గ్రంథాలయ శాస్త్రం చదువుకోలేదు. కానీ కాగితాన్ని దాచడం ఒక ఎత్తు, దాచినదాన్ని అడిగిన వెంటనే తీసి ఇవ్వడం మరో ఎత్తు అని డ్రాయింగు ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది. మేము గీసే ప్రతి షీటుకూ కుడివైపు కింది మూలన టైటిల్ బ్లాకు ఉంటుంది. ఏ భాగం, డ్రాయింగు నంబరెంత, స్కేలెంత, గీసిందెవరు, సరిచూసిందెవరు, ఆమోదించిందెవరు, ఏ తేదీన, ఎన్నో రివిజన్ (అంటే ఎన్నోసారి సవరించినది) అన్నీ అందులోనే. ఏ0 షీటు మీటరు పైన పొడవుంటుంది. దాన్ని ఏ4 సైజుకు మడిచినప్పుడు టైటిల్ బ్లాకు పైకి కనిపించాలి. మడత విప్పకుండానే లోపల ఏముందో తెలియాలి. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మేము గీత గీయడం కంటే ముందు ఈ మడత నేర్పేవాళ్లం. బ్లాకు లోపలికి పోయేలా మడిచినవాడికి ఆ రోజు చీవాట్లే. గీత ఎంత అందంగా ఉన్నా బ్లాకులో గడులు ఖాళీగా ఉంటే రికార్డు రూములో ఆ షీటు తీసుకునేవారు కాదు. తీసుకోకూడదు కూడా. పాత రివిజన్ షీటు పొరపాటున కింద వర్క్‌షాపుకు వెళ్తే ఉక్కు ప్లేటును తప్పు కొలతకు కోసేస్తారు. కోసిన ప్లేటు పెరగదు.

ఇప్పుడు కంప్యూటర్ వాళ్లు మెటాడేటా అంటున్నది ఈ టైటిల్ బ్లాకునే. వస్తువు వేరు, దాని వివరం వేరు. వివరం లేకపోతే వస్తువు ఉన్నా లేనట్టే.

మీ వార్త చదివి, ఆర్కిటెక్చర్ చదువుతున్న మా మనవరాలికి చెప్పాను. దానికి వన్ టౌన్ పాత కట్టడాల ఫోటోలు కావాలి. టౌన్ హాలు, కురుపాం మార్కెట్, టర్నర్ చౌల్ట్రీ. నా పక్కనే కూర్చుని వెతికింది. కురుపాం అని తెలుగులో కొడితే ఏమీ లేదు. ఇంగ్లీషులో కొడితే ఏమీ లేదు. మార్కెట్ అని కొడితే వాణిజ్యశాస్త్రం పాఠ్యపుస్తకాలు వచ్చాయి. చివరికి ఒక్కో ఫోల్డరే తెరిచి చూసుకుంటూ పోతే, ‘స్కాన్ 0043’ అన్న పేరు కింద కురుపాం మార్కెట్ ముఖద్వారం నిక్షేపంలా ఉంది. అక్కడే మరికొంత కిందికి వెళ్తే ‘షిప్ ఫంక్షన్ ఓల్డ్’ అని ఇంకో ఫోటో. అది నాకు కొత్త కాదు. దాని ప్రతి మా ఆఫీసు గోడ మీద ఏళ్ల తరబడి వేలాడింది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ జల ఉష ఓడను నీళ్లలోకి దించినప్పటి ఫోటో. స్వతంత్ర భారతంలో తయారై నీళ్లలోకి దిగిన మొదటి పెద్ద ఓడ అది. దేశం మొత్తం విశాఖపట్నం వైపు చూసిన రోజు. వెబ్‌సైట్‌లో దాని పేరు ‘షిప్ ఫంక్షన్ ఓల్డ్’!

తేదీ గడిలో ఏముందో చూద్దామని చూస్తే నెహ్రూగారు ఓడను దించింది 2023లో. స్కానర్ తాను పనిచేసిన రోజును ఫైలులో తనంతట తానే రాసుకుంటుంది. పాపం, దానికి తెలిసింది ఆ తేదీ ఒక్కటే. అసలు ఫోటో తీసిన తేదీ మనిషి రాయాలి. రెండు తేదీలకు రెండు గడులుండాలి. రాసే పద్ధతి కూడా ఒక్కటే ఉండాలి. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు అనే వరుసలో రాస్తే కంప్యూటర్ వాటిని కాలక్రమంలో పేర్చగలదు. ఒకరు రోజు ముందు, ఇంకొకరు నెల ముందు, మరొకరు సంవత్సరం రెండంకెలే రాస్తే, 48 అన్నది 1848 కావచ్చు, 1948 కావచ్చు. అన్నీ కలగాపులగమైపోతాయి. కచ్చితంగా తెలియకపోతే ‘సుమారు 1955’ అని రాయడానికి కూడా అంతర్జాతీయ ప్రమాణంలో 2019 నుంచి ఏర్పాటు ఉంది. తెలియని తేదీని తెలిసినట్టు రాయడం కంటే అది ఎంతో నయం.

మన పాత కాగితాల తేదీలతో ఇంకో చిక్కుంది. ఇది స్కానింగు కాంట్రాక్టరు దగ్గర పనిచేసే కుర్రాడికి ఎవరూ చెప్పి ఉండరు. శుభలేఖ మీద ‘ప్రభవ నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి’ అని ఉంటుంది. ప్రభవ అరవై ఏళ్లకొకసారి వస్తుంది. అది 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు. కాగితం, అచ్చు, అందులోని పేర్లు చూసి ఏదో తేల్చాలి. జమీందారీ లెక్కలు, శిస్తు కాగితాలైతే ఫసలీలో, అంటే శిస్తు వసూలుకు వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ ఏడాది జులైలో మొదలవుతుంది. ఫసలీ 1340 అంటే 1930 జులై నుంచి 1931 జూన్ దాకా. ఈ లెక్క తెలియనివాడు తేదీ గడిలో 1340 అని కొట్టేస్తే, ఆ కాగితం కొండవీటి రెడ్డిరాజుల కాలంలోకి పోయి కూర్చుంటుంది. మూలంలో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, దానికి సరిపడే ఇంగ్లీషు సంవత్సరం మరో గడిలో రాసిపెడితే గొడవ ఉండదు.

ఊరి పేరు సంగతి సరేసరి. మన ఊరు తెల్లవాళ్ల పుస్తకాల్లో వైజాగపటం. కార్మైకేల్ 1869లో రాసిన జిల్లా మాన్యువల్ మీదా, ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన గెజిటీర్ మీదా అదే పేరుంటుంది. రైల్వే వాళ్లకు చాలాకాలం వాల్తేరు. జనానికి వైజాగ్. విశాఖపట్నం అని కొట్టినవాడికి ఈ నాలుగు పేర్లలో దేనితో ఉన్న కాగితమైనా రావాలి. అందుకు చేయాల్సిందల్లా ఒక పేరును ప్రధానంగా పెట్టుకుని, మిగతావాటిని దాని మారుపేర్లుగా ఒక్కసారి నమోదు చేసుకోవడం. గ్రంథాలయాల వాళ్లు దీన్ని అథారిటీ ఫైలు అంటారు. ప్రతి కాగితానికీ కొత్తగా చేయనక్కర్లేదు. ఒకసారి చేస్తే అన్నిటికీ పనికొస్తుంది.

జిల్లా సరిహద్దుల కథ ఇంకా పెద్దది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం మన జిల్లాలోవే. 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. 2022లో అనకాపల్లి వేరే జిల్లా అయింది, అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ‘విశాఖపట్నం జిల్లా’ అని మాత్రమే రాసిన 1930 నాటి ఫోటో జయపురం కోటదా, చోడవరం సంతదా? ఫోటో తీసిన ఊరు, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా మూడూ రాస్తే అప్పటివాడు వెతికినట్టు వెతికినా, ఇప్పటివాడు వెతికినట్టు వెతికినా దొరుకుతుంది. మన ఉత్తరాంధ్రకు ఈ శ్రమ తప్పదు.

“ఇంత రాయడమెందుకు, ఇప్పుడు యంత్రమే అక్షరాలు చదివేస్తుంది కదా” అని గ్రంథాలయంలో ఒక ఉద్యోగి నాతో అన్నారు. నిజమే, చదువుతుంది. కొత్త అచ్చు బాగానే చదువుతోంది. పాత సీసపు అక్షరాల అచ్చులో ఒత్తులు, అరసున్నలు, బండి ‘ఱ’లు దగ్గర తడబడుతుంది. ఆ తడబాటు కూడా రేపోమాపో తగ్గుతుందనే అనుకుందాం. చదివినంత మాత్రాన సరిపోతుందా? వెతికే చోట గురజాడ అని కొట్టండి. గురజాడ అప్పారావుగారు రాసినవి వస్తాయి. ఆయన మీద ఇతరులు రాసినవి వస్తాయి. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది కాబట్టి అక్కడ జరిగిన ప్రతి సభ ఆహ్వానపత్రమూ, ప్రతి నృత్య ప్రదర్శన కరపత్రమూ వచ్చి పడతాయి. మూడు చోట్లా అక్షరాలు అవే. ఒకచోట ఆయన రచయిత, ఒకచోట విషయం, ఒకచోట వేదిక. ఈ తేడా గడి చెబుతుంది, అక్షరం చెప్పదు. కన్యాశుల్కం కావలసినవాడికి కూడా 1897 నాటి మొదటి కూర్పా, బాగా మార్చి పెంచి 1909లో వేసిన రెండో కూర్పా అన్నది ముఖ్యం. మా భాషలో అయితే అది రివిజన్ నంబరు.

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే వచ్చే తంటా వేరే చెప్పాలా? ‘విశ్వనాథ’ను ఎన్ని రకాలుగా రాయవచ్చో మీ పాఠకులు ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు. పైగా ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకొకరు వెనక రాస్తారు, మరొకరు పొట్టి అక్షరం చేసి వదిలేస్తారు. తెలుగు పుస్తకం పేరు తెలుగు లిపిలో రాయడానికి ఇప్పుడు అడ్డేముంది? ప్రతి ఫోనులోనూ తెలుగు కీబోర్డు ఉంది. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే పద్ధతి ప్రకారం ఒకసారి రాయండి. అంతే.

ఇక ఫోటోల వెనకవైపు.

మన పెద్దలకు ఫోటో వెనక పెన్సిలుతో రాసే అలవాటుండేది. ఎడమ నుంచి కుడికి నిలబడ్డవారు, కుర్చీల్లో కూర్చున్నవారు, కింద కాళ్లు మడుచుకుని కూర్చున్న పిల్లలు, సందర్భం, తేదీ. పక్కన స్టూడియో రబ్బరు ముద్ర. నల్ల అట్టల ఆల్బమ్ అయితే ఫోటో కింద తెల్ల సిరాతో రాసేవారు. ఈ గ్రంథాలయం ఫోటోల్లో ‘లేడీస్ గ్రూప్’ అని ఒకటుంది. మొహాలు చూస్తే నాకేదో అనుమానం వచ్చింది. వెళ్లి అసలు ఫోటో చూపించమని అడిగాను. అటెండరు మంచివాడు, విసుక్కోకుండా బీరువాలోంచి తీసి ఇచ్చాడు. వెనక్కి తిప్పాను. అదొక నాటక సమాజం. నాటకం అయిపోయాక వేషాలు తీయకుండానే దిగిన ఫోటో. ఏ నాటకం, ఎవరిది ఏ పాత్ర, ఎక్కడ ఆడారు అన్నీ పెన్సిలుతో, గుండ్రటి దస్తూరీతో, వరుసగా ఉన్నాయి. కథానాయిక వేషం కట్టినాయన పేరు పక్కన బ్రాకెట్‌లో ‘పోర్టు ఆఫీసు’ అని ఉద్యోగం కూడా రాశారు. ఆ ఫోటోలో ఉన్నవాళ్లలో ఒక్క ఆడమనిషి లేదు! పట్టుచీర, జడగంటలు చూసి పేరు పెట్టినవాడికి ఫోటో తిరగేసే తీరిక లేకపోయింది.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. అతనికి పేజీకింత అని లెక్క. వెనక వైపు తిప్పి స్కాన్ చేస్తే అదనపు పైసా రాదు. పెన్సిలు రాత చదివి టైపు చేస్తే అదీ రాదు. కాంట్రాక్టు కాగితంలో ఎన్ని పేజీలు, ఎంత స్పష్టత, ఎన్ని నెలల్లో అని ఉంది కానీ వివరాల మాటే లేదు. కొందరి ఫోటోలను ఆల్బమ్‌లోంచి ఊడదీసి మరీ స్కాన్ చేశారట. తెల్ల సిరా రాతలున్న ఆల్బమ్ అట్టలు ఒక మూల, ఫోటోలు వేరే కవర్లలో. ఏ ఫోటో ఏ అట్టదో చెప్పడం ఇప్పుడు ఎవరి తరం? మిగిలిన ఆల్బమ్‌ల జోలికైనా ఇలా వెళ్లవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ముందు పేజీ పేజీగా అట్టతో సహా తీయండి, ఆ తర్వాత ఒక్కో ఫోటో, ఒక్కో వెనకవైపు తీయండి.

వివరాల పట్టిక మనం కొత్తగా కనిపెట్టాల్సిన పనీ లేదు. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డబ్లిన్ అనే ఊళ్లో గ్రంథాలయాల వాళ్లు, కంప్యూటర్ వాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకున్న దాంట్లోంచి ఒక పట్టిక పుట్టింది. డబ్లిన్ కోర్ అంటారు. పదిహేనే గడులు. పేరు, కర్త, విషయం, తేదీ, భాష, స్థలకాలాలు, హక్కులు వగైరా. అన్నీ నింపి తీరాలన్న నియమం కూడా లేదు. హక్కుల గడిని మాత్రం మనవాళ్లు చులకనగా చూస్తారు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ల దాకా పుస్తకానికి కాపీరైటు ఉంటుంది. రచయిత ఎవరో, ఎప్పుడు పోయారో రాసిపెట్టకపోతే ఏ పుస్తకం అందరికీ ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో ఎవరు తేలుస్తారు? ఎందుకొచ్చిన గొడవని అన్నీ తాళం వేసి కూర్చుంటారు.

ఫోటోలకైతే పేరు, తేదీ, మనుషుల పేర్లు ఫైలు లోపలే రాసిపెట్టే వీలుంది. విడిగా పట్టికలోనూ ఉంచాలి. ఎందుకంటే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే లోపల రాసింది రాలిపోతుంది, బొమ్మ మాత్రం మిగులుతుంది. మన ఊరి పాత ఫోటోలు తప్పుడు కథలతో ఫోన్లలో తిరగడానికి ఇదీ ఒక కారణం.

డబ్బు లేదంటారు. ఉన్న డబ్బులో తక్కువ పేజీలు చేయండి. వివరాలతో దొరికే వంద ఫోటోలు ఎవరికీ దొరకని వెయ్యి ఫోటోల కంటే మేలు. తర్వాతి విడత టెండరులో బిల్లు పేజీల లెక్కన కాకుండా, వివరాలు నింపి, గ్రంథాలయం వాళ్లు సరిచూసి సంతకం పెట్టిన అంశాల లెక్కన చెల్లించాలని రాయించండి. గీసినవాడు ఒకడు, సరిచూసేవాడు వేరొకడు. ఈ పద్ధతి లేని డ్రాయింగు ఆఫీసు ఎక్కడా లేదు. సరిచూసేవాళ్లకు కొరతా లేదు. 1935లోనే గ్రంథాలయ శాస్త్రం బోధించడం మొదలుపెట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మన వాల్తేరు మెట్ట మీదే ఉంది. పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన సూత్రాన్ని ఆ విద్యార్థులు పరీక్షల్లో ఎలాగూ రాస్తారు. ఒక్కొక్కరు ఒక ఆల్బమ్ తీసుకుని చేస్తే అదే వాళ్లకు ప్రాజెక్టు పని.

మీ పత్రికను ఒకటి అడగాలని ఉంది. వెనక ఏమీ రాసిలేని ఫోటోలు కూడా వందల్లో ఉన్నాయి. వాటిలోని మనుషులను గుర్తుపట్టగలవాళ్లు వన్ టౌన్‌లో, జాలరిపేటలో, మల్కాపురంలో ఇంకా ఉన్నారు. వాళ్లు వెబ్‌సైట్లు చూడరు, మీ పత్రిక చూస్తారు. ఆదివారం జిల్లా పేజీలో అలాంటి ఫోటో ఒకటి వేసి, ‘వీరెవరో, ఇదెక్కడో తెలిస్తే చెప్పండి’ అని అడగండి. 2008 జనవరిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సుమారు మూడు వేల పాత ఫోటోలను ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్‌లో పెట్టి జనాన్ని ఇలాగే అడిగింది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెప్పినవాళ్లు ఎందరో. సరిచూసుకుని తమ రికార్డుల్లో చేర్చుకున్నారు కూడా. మన దగ్గర వచ్చే జవాబుల్లో చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ కూడా రాయించండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయించండి, తొందరపడి ఒకటి కొట్టేయవద్దు.

ఆ గ్రంథాలయంలో పాత పట్టణ ప్లానులు, మ్యాపుల చుట్టలు ఒక బీరువా నిండా ఉన్నాయని అటెండరు చెప్పాడు. వాటికి వివరాలు రాసిపెట్టడానికి నేను వస్తాను. స్కేలు చూసి, గుర్తులు చూసి ఏది ఏ పేటదో చెప్పగలను. జీతం అక్కర్లేదు. వెలుతురున్న పెద్ద బల్ల, అంచుల మీద పెట్టడానికి నాలుగు బరువులు ఉంటే చాలు. నా ఫోను నంబరు మీ కార్యాలయంలో ఇచ్చాను. గ్రంథాలయం వారు అడిగితే ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
మల్కాపురం, విశాఖపట్నం.
(పేరు ప్రచురించవద్దని మనవి)